పాత స్పోర్ట్స్ కారుకు కొత్త బ్రేక్ ప్యాడ్లు: డెల్టా రోడ్లకు తగినవి ఎంచుకునే పద్ధతి

గోదావరి జిల్లాల్లో పాత స్పోర్ట్స్ కారును ప్రాణంగా చూసుకునేవారు తక్కువమందే అయినా, బ్రేక్ ప్యాడ్లు మార్చవలసి వచ్చినప్పుడు వారందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. 1960, 70లలో ఇంగ్లండులో తయారైన ఎంజీబీకో, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కో సరిపడే ప్యాడ్లు ఇప్పటికీ పలు రకాలుగా దొరుకుతున్నాయి. వాటిలో ఏది మేలని విచారిస్తే రేసింగు చేసేవారి మాటో, కొండ రోడ్లలో తిరిగేవారి మాటో ముందుగా వినిపిస్తుంది. వారు చెప్పేది అబద్ధం కాదు గానీ అది మన రోడ్లకు వర్తించదు. కాకినాడ నుంచి యానాం, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వెళ్ళే 216వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడా కొండ అన్నది తగలదు. తగిలేవల్లా వంతెనల వాలు, మలుపు తిరగగానే ఎదురొచ్చే గేదెల మంద, రోడ్డు సగం దాకా ఆరబోసిన ధాన్యం, రొయ్యల లారీ కార్చుకుంటూ పోయిన నీరు. అందువల్ల మనకు కావలసింది డిస్కు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం) చల్లగా ఉన్నప్పుడే మొదటి నొక్కుకు పట్టే ప్యాడు, తడిసినా త్వరగా తేరుకునే ప్యాడు, నెల రోజులు షెడ్డులో నిలిచినా డిస్కుకు అతుక్కుపోని ప్యాడు. ఈ మూడు గుణాలనూ దృష్టిలో పెట్టుకుని ఎంపిక ఎలా చేయాలో, ఏ క్రమంలో చేయాలో కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: కారుకు ఉన్న బ్రేకు ఏదో తేల్చుకోవడం

ఆర్.సి. పుస్తకంలో ఉన్న సంవత్సరాన్ని నమ్మి ప్యాడ్లు తెప్పించకూడదు. మన దేశంలో చాలా పాత కార్ల విషయంలో అది రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరమే గాని తయారైన సంవత్సరం కాదు. పైగా యాభై, అరవై ఏళ్ళలో నలుగురైదుగురు యజమానుల చేతులు మారిన కారుకు, ముందు చక్రాల దగ్గర ఏ క్యాలిపర్ (పిస్టన్లతో ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) ఉందో చక్రం విప్పితే తప్ప తెలియదు. ఎంజీబీ 1962లో మొదలైనప్పటి నుంచీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే (గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి షూలు ఒత్తి ఆపే రకం). అంతకు ముందరి ఎంజీఏకు, 1958 నాటి ట్విన్ క్యామ్ రకాన్ని మినహాయిస్తే, 1959లో 1600 మోడల్ వచ్చాకే ముందు డిస్కులు వచ్చాయి. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులే గాని, వెనకవి చక్రం దగ్గర కాక డిఫరెన్షియల్‌కు (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టెకు) ఇరుపక్కలా లోపలే ఉంటాయి కాబట్టి అక్కడ ప్యాడు మార్చడం వేరే స్థాయి పని. ఇలా ఏ కారు కథ ఆ కారుదే.

చక్రం విప్పాక క్యాలిపర్ పోతలో ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి చదవాలి. గర్లింగ్, లాక్‌హీడ్, డన్‌లప్, ఏటీఈ వంటి పేర్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. దాని పక్కన ఉన్న అంకెలను ఫోటో తీసి పెట్టుకోవాలి. తరవాత పాత ప్యాడును బయటికి తీసి, వెర్నియర్‌తో ఇనుప పలక పొడవు, ఎత్తు, మందం, పిన్ను రంధ్రాల మధ్య దూరం కొలిచి కాగితం మీద ఉన్నదున్నట్టు గీసుకోవాలి. ఐరోపా తయారీ ప్యాడ్లకు డబ్ల్యూవీఏ నంబరు, అమెరికా మార్కెట్టు ప్యాడ్లకు ఎఫ్ఎంఎస్ఐ నంబరు ఉంటాయి. పాత పలక మీద వాటిలో ఏది కనిపించినా కారు పేరు కన్నా ఆ నంబరుతో వెతకడమే నమ్మకం. కొలతల్లో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ఆకురాయితో రాసి ఇరికించేద్దామనే మెకానిక్ మాట ఒప్పుకోవద్దు. పలక క్యాలిపర్‌లో సులువుగా జారాలి. అది బిగుసుకుంటే పెడల్ వదిలినా బ్రేకు పట్టే ఉంటుంది.

రెండవ మెట్టు: పాత ప్యాడ్లు చెప్పేది వినడం

పాత ప్యాడ్లను పారేసే ముందు నాలుగింటినీ ఏ చక్రానివో, లోపలివో బయటివో గుర్తు పెట్టుకుని వరసగా పరచి చూడాలి. ఒకే చక్రంలో ఒక ప్యాడు బాగా అరిగి రెండోది మందంగా మిగిలి ఉంటే, మిగిలిన వైపు పిస్టన్ కదలడం లేదని అర్థం. ఒకే ప్యాడు ఒక అంచున పల్చగా, ఇంకో అంచున మందంగా వాలుగా అరిగితే పలక ఇరుక్కుందనో, పిన్నులు గట్లు పడ్డాయనో అనుమానించాలి. పైభాగం నల్లగా అద్దంలా మెరుస్తుంటే వేడెక్కి గట్టిపడిందని, అంచులు తడిగా నల్లగా నానినట్టు ఉంటే పిస్టన్ సీలు కారుతోందని తెలుస్తుంది. సీలు కారుతున్న క్యాలిపర్‌కు కొత్త ప్యాడ్లు వేస్తే అవీ పాడైపోతాయి.

సముద్రానికి దగ్గరగా, అంటే అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉండే కార్లలో మరొక లక్షణం చూడాలి. ఇనుప పలకకూ దాని మీద అతికిన ప్యాడు పదార్థానికీ మధ్య ఉన్న సన్నని గీత వెంట గోరుతో గీరితే తుప్పు పొడి రాలుతుంటుంది. ఉప్పుగాలికి పలక తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు ఉబ్బి, పదార్థాన్ని పలక నుంచి మెల్లగా లేపేస్తుంది. ప్యాడులో ఇంకా ఆరు మిల్లీమీటర్ల మందం మిగిలి ఉన్నా, ఈ గీత వెంట పగులు కనబడితే అది బతికి ఉన్న ప్యాడు కాదు. మామూలుగా అరుగుదల చూసి మార్చేవారు మూడు మిల్లీమీటర్ల దగ్గర మారుస్తారు. మన తీరంలో అరుగుదల కన్నా తుప్పే ముందుగా ఆ రోజు తెస్తుంది.

మూడవ మెట్టు: డిస్కు, క్యాలిపర్ కొత్త ప్యాడుకు అర్హమైనవేనా?

డిస్కు కనీస మందం ఎంత ఉండాలో కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలవాలి. అంచున మిగిలిపోయిన గట్టు మీద కాక, ప్యాడు రాసుకునే చోట కొలవాలి. డయల్ గేజ్ ఉంటే డిస్కు ఊగుడు కూడా చూడాలి: 0.1 మిల్లీమీటరు దాటితే పెడల్ కింద అదురు తెలియడం మొదలవుతుంది. నెలల తరబడి నిలిచిన కారులో ప్యాడు ఆకారంలోనే డిస్కు మీద తుప్పు మచ్చ పడి ఉంటుంది. పైపైన ఉన్నదైతే వాడకంలో పోతుంది. గోరు తగిలితే గుంట తెలిసేలా ఉంటే లేత్ మీద చదును చేయించాలి, కనీస మందం మిగలకపోతే డిస్కు మార్చాలి. క్రోమ్ పూత లేచి గుంటలు పడిన పిస్టన్ల విషయంలో బేరం లేదు; స్టెయిన్‌లెస్ స్టీలు పిస్టన్లు దొరికే క్యాలిపర్ అయితే తీరప్రాంతానికి అవే మంచివి.

నాలుగవ మెట్టు: మీ కారు బ్రేకులు నిజంగా ఎంత వేడెక్కుతాయో లెక్క వేసుకోవడం

ప్యాడు ఎంపికలో అసలు చర్చ ఇక్కడే ఉంది, కానీ దీన్ని ఎక్కువమంది దాటేస్తారు. వెయ్యి కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే, బ్రేకులు మింగవలసిన శక్తి సుమారు 139 కిలోజౌళ్ళు. అందులో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుందనీ, ఒక్కో డిస్కు ఐదు కిలోలనీ అనుకుంటే, ఒక్కసారి ఆగినందుకు డిస్కు వేడి పెరిగేది సుమారు 20 డిగ్రీల సెల్సియస్. మళ్ళీ బ్రేకు వేసే లోపు గాలికి అందులో కొంత ఆరిపోతుంది కూడా. కోనసీమ రోడ్ల మీద కొబ్బరితోటల మధ్య 40, 50 వేగంతో పోయే కారు డిస్కు రోజంతా తిరిగినా వంద డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. సాధారణ ఆర్గానిక్ ప్యాడు పట్టు సడలడం 300 డిగ్రీల చుట్టుపక్కల గాని మొదలు కాదు. అంటే వేడికి తట్టుకునే గుణం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం వల్ల డెల్టాలో ఉపయోగం లేదు. ట్రాకు మీదకు చేసిన ప్యాడ్లలో కొన్నిటికి పట్టు మొదలయ్యేదే 150, 200 డిగ్రీలు దాటాక కాబట్టి అవి ఇక్కడ నిజంగానే ప్రమాదకరం. చల్లటి రేసింగు ప్యాడుతో గేదె ముందు ఆగవలసి వస్తే ఆ తేడా కాలికి తెలుస్తుంది.

ఈ లెక్క తప్పే సందర్భం ఒకటుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగే యాత్రలు మీకు అలవాటైతే లెక్క మారుతుంది. అదే వెయ్యి కిలోల కారు 300 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు భారమంతా బ్రేకుల మీదే వేస్తే, 2,900 కిలోజౌళ్ళకు పైగా శక్తి వాటిలోకి పోతుంది; అది 60 వేగం నుంచి ఊపిరి తీసుకోకుండా 21 సార్లు ఆపినంత. సెకండ్ గేరులో దిగితే ఇంజనే అందులో చాలా భాగం పంచుకుంటుంది. ఏడాదికి ఒకసారి మారేడుమిల్లి వెళ్ళేవారు ప్యాడు మార్చడం కన్నా దిగే పద్ధతి మార్చుకోవడం మంచిది. నెలనెలా వెళ్ళేవారు మాత్రం వేడిని కాస్త ఎక్కువ తట్టుకునే రోడ్డు ప్యాడు చూసుకోవాలి.

ఐదవ మెట్టు: పదార్థం ఎంచుకోవడం

ఆర్గానిక్ ప్యాడ్లలో రెసిన్‌తో కలిపి నొక్కిన పీచులు, ఖనిజ పొడులు ఉంటాయి. మెత్తగా ఉంటాయి, శబ్దం తక్కువ, చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టుకుంటాయి, పాత పోత ఇనుప డిస్కును తక్కువగా అరగదీస్తాయి. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు పీచు, ఇనుప పొడి పాలు ఎక్కువ. వేడికి బాగా నిలుస్తాయి గాని డిస్కును అరగదీస్తాయి, కీచుమంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఉక్కు పీచు మన గాలికి తుప్పు పడుతుంది. వానలో తడిసి, షెడ్డులో వారం పది రోజులు కదలకుండా ఉన్న కారులో ఇలాంటి ప్యాడు డిస్కుకు అంటుకుపోయి, కారు కదిలించగానే టప్పున ఊడి వస్తుంది. ఆ ఊడిన చోట డిస్కు మీద ప్యాడు అచ్చు పడుతుంది, ఆ అచ్చే తరవాత పెడల్ కింద అదురవుతుంది. సిరామిక్ ప్యాడ్లు శుభ్రంగా ఉంటాయి, పొడి తక్కువ. కానీ అరవై ఏళ్ళ నాటి క్యాలిపర్లకు సరిపోయేవి అరుదు, దొరికినా వాటి ధరకు తగ్గ లాభం మన వేగాల్లో కనిపించదు.

ఒక్క మాటలో చెప్పమంటే, డెల్టాలో తిరిగే తేలికపాటి స్పోర్ట్స్ కారుకు మంచి కంపెనీ తయారు చేసిన, ఆస్బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన ఖనిజ పీచు) లేని ఆర్గానిక్ ప్యాడు నా ఎంపిక. మిగిలినవన్నీ ప్రత్యేక అవసరం ఉంటేనే.

ఆరవ మెట్టు: ప్యాడు అంచున ఉన్న రెండు అక్షరాలు

చాలా ప్యాడ్ల పక్క అంచున పొడవైన ముద్ర ఉండి, దాని చివర ఈఈ, ఈఎఫ్, ఎఫ్ఎఫ్, జీజీ వంటి రెండు అక్షరాలు కనిపిస్తాయి. ఇది అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె866 పద్ధతి. మొదటి అక్షరం సాధారణ వేడిలో ఘర్షణ గుణకాన్ని (ప్యాడు పట్టు ఎంతో చెప్పే అంకెను), రెండవది ఎక్కువ వేడిలో గుణకాన్ని సూచిస్తుంది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. బూస్టరు (కాలి నొక్కుడుకు బలం జోడించే పరికరం) లేని తొలినాటి ఎంజీబీ వంటి కారులో 0.30 నుంచి 0.40కి మారితే అదే కాలి బలానికి ముందు బ్రేకు పట్టు మూడో వంతు పెరుగుతుంది. అందుకే బూస్టరు లేని కారుకు మొదటి అక్షరం ఎఫ్ ఉండేలా చూసుకోవాలి.

జీ ఉంటే ఇంకా మంచిదే కదా అనే ఆలోచన సహజం. అయితే తొలి ఎంజీబీలకు వచ్చిన టైరు 5.60-14 సైజు క్రాస్-ప్లై అనే పాతకాలపు రకం. అది నేటి చిన్న కార్ల టైర్లతో పోల్చినా సన్నం. తడి రోడ్డు మీద ఆగడానికి హద్దు పెట్టేది ఆ టైరే. దాని పట్టును మించి బ్రేకు పట్టితే చక్రం జారుతుందే తప్ప కారు త్వరగా ఆగదు. ఆ అక్షరాలు రెండూ ఒక అంగుళం చదరపు ముక్కను యంత్రంలో రాపిడి చేసి తేల్చిన విలువలు కాబట్టి, అవి అరుగుదల గురించీ తడిలో ప్రవర్తన గురించీ ఏమీ చెప్పవు. రెండు ప్యాడ్లకు ఎఫ్ఎఫ్ ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే అనుకోకూడదు. ఐరోపాలో ఆర్90 అనే ప్రమాణం ముద్ర ఉన్న ప్యాడు అసలు ప్యాడు పనితీరుకు 15 శాతం లోపు తేడాలో ఉండాలి. పాత కార్ల ప్యాడ్లకు ఆ ముద్ర ఉండకపోవచ్చు, ఉంటే మాత్రం దానికే మొగ్గు చూపవచ్చు.

ఏడవ మెట్టు: వెనక చక్రాలతో పొత్తు

ముందు ప్యాడ్లు మాత్రమే మార్చినా మొత్తం కారు బ్రేకు సమతూకం మారుతుంది. ముందు బలహీనమైన ప్యాడ్లు వేసి వెనక డ్రమ్ముల్లో కొత్త లైనింగు (షూల మీది రాపిడి పదార్థం) ఉంటే, గట్టిగా నొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు వెనక భాగం పక్కకు తిరుగుతుంది. ఒకవైపు కాలువ, మరోవైపు చేపల చెరువు ఉన్న గట్టు రోడ్డు మీద ఇది ఎంత చెడ్డదో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ముందు ప్యాడ్ల నిర్ణయం జరిగే రోజే వెనక డ్రమ్ములు కూడా విప్పి లైనింగు మందం, వీల్ సిలిండర్ల తడి చూడాలి. షూలకు కొత్త లైనింగు వేయించవలసి వస్తే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఆ పని చేసేవారు ఉన్నారు. ఏ రకం లైనింగు వేస్తున్నారో, అందులో ఆస్బెస్టాస్ లేదో ముందుగా అడిగి తేల్చుకోవాలి. డిస్కు ప్యాడ్లకు మాత్రం పాత పలక మీద కొత్త పదార్థం అతికించే పనికి నేను సుముఖుణ్ణి కాను. తుప్పు తిన్న పలక మీద జిగురు ఎంత కాలం పడుతుందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎనిమిదవ మెట్టు: కొనేటప్పుడు

‘పాత స్టాకు, కంపెనీ పెట్టెలో అలాగే ఉంది’ అన్నది పాత కార్ల వారిని వెంటనే ఆకర్షించే మాట. ప్యాడ్ల విషయంలో ఆ ఆకర్షణకు లొంగకూడదు. నలభై ఏళ్ళు గోడౌనులో ఉన్న ప్యాడులో జిగురు ఎండి ఉండవచ్చు, పలక లోపల తుప్పు ఉండవచ్చు, పైగా ఆ కాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. బ్రిటన్ ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. ఇదే కారణం చేత, పాత ప్యాడ్లు విప్పేటప్పుడు కూడా ఆ నల్ల పొడిని నోటితోనో, కంప్రెసర్ గాలితోనో ఊదకూడదు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయాలి. విదేశాల నుంచి తెప్పిస్తే దిగుమతి సుంకం, కొరియరు ఖర్చు కలిసి ధర బాగా పెరుగుతాయి. అందుకే ప్యాడ్లతో పాటు పిన్నులు, స్ప్రింగులు, షిమ్ములు (ప్యాడు వెనక పెట్టే పలుచని రేకులు), సీలు కిట్టు ఒకేసారి తెప్పించుకోవాలి. పెట్టె చేతికి రాగానే ఇదివరకు గీసిన కొలతల బొమ్మ మీద కొత్త ప్యాడును ఉంచి చూడాలి. తేడా ఉంటే బిగించక ముందే తిరిగి పంపడం తేలిక.

తొమ్మిదవ మెట్టు: బిగింపు

కారును జాకీ మీద మాత్రమే నిలిపి కింద చేతులు పెట్టకూడదు, స్టాండ్లు తప్పనిసరి. పిస్టన్లను వెనక్కి నెట్టే ముందు, క్యాలిపర్ నుంచి ఆయిల్ బయటికి వదిలే నిపిల్‌కు గొట్టం తగిలించి కొద్దిగా వదులు చేసి, లోపలి మురికి బ్రేక్ ఆయిల్ బయటికి పోయేలా నెట్టి, పిస్టన్ లోపలికి పోగానే నిపిల్ బిగించాలి. లేదంటే ఆ మురికి వెనక్కి మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను బ్రేకులకు తోసే భాగం) సీళ్ళ దగ్గరకు చేరుతుంది. శబ్దం తగ్గించే షిమ్ముల మీద బాణం గుర్తు ఉంటే, కారు ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే దిక్కుకు అది చూపాలి. ఎడమ, కుడి తారుమారైతే కీచుమనే గోల మొదలవుతుంది. గ్రీజు ప్యాడు పలక వెనక, జారే అంచుల మీద, అదీ సన్నని పొర మాత్రమే. సీళ్ళ మీద మామూలు గ్రీజు పడితే రబ్బరు ఉబ్బిపోతుంది కాబట్టి అక్కడ రబ్బరు గ్రీజు తప్ప మరేదీ వాడకూడదు. పిన్నులను పట్టి ఉంచే కాటర్ పిన్నులు కొత్తవే వేయాలి.

పని మొత్తం పూర్తిగా కొత్త ఆయిల్‌తో ముగించడం మంచిది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన ఉక్కపోత గాలిలో ఆయిల్ నీరు పీల్చుకోవడం త్వరగా జరుగుతుంది. లోపల పిస్టన్లకు తుప్పు పట్టించేదీ ఆ నీరే. రెండేళ్ళకు ఒకసారి, తీరంలో అయితే ఏడాదికి ఒకసారి మార్చడం అతి జాగ్రత్త కాదు. సిలికాన్ రకమైన డాట్ 5ను డాట్ 3, 4లతో కలపకూడదు, డాట్ 5.1 పేరులో 5 ఉన్నా అది డాట్ 4 జాతిదే.

చక్రాలు బిగించాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా పదేపదే నొక్కాలి. మొదటి నొక్కులకు పెడల్ నేలదాకా పోతుంది. అది షెడ్డులో జరగాలి, రోడ్డు మీద కాదు.

పదవ మెట్టు: ప్యాడును డిస్కుకు అలవాటు చేయడం

తయారీదారు ఇచ్చిన పద్ధతి ఉంటే అదే పాటించాలి. లేకపోతే, తెల్లవారుజామున జాతీయ రహదారిలో ఊళ్ళకు దూరంగా, ముందూ వెనకా వాహనం లేని తిన్నని భాగం చూసుకుని, 50 నుంచి 15 దాకా మధ్యస్థంగా నొక్కి తగ్గించడం ఎనిమిది, పది సార్లు చేయాలి. ప్రతి రెండింటి మధ్య అర కిలోమీటరైనా బ్రేకు వేయకుండా పోవాలి. పూర్తిగా ఆగి పెడల్ నొక్కి పట్టుకోకూడదు, వేడి డిస్కు మీద ప్యాడు అచ్చు పడుతుంది. తరవాత పది నిమిషాలు తేలికగా నడిపి చల్లారనివ్వాలి. కాలువ గట్టు రోడ్లు ఈ పనికి పనికిరావు.

వానాకాలంలో రోడ్డు మీద నీరు దాటాక కొద్ది దూరం పెడల్ మీద తేలికగా కాలు ఉంచి నడిపితే డిస్కు ఆరుతుంది. తడిసిన కారును రాత్రికి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచితే వెనక షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. గేరులో ఉంచి, చక్రాలకు చెక్కదిమ్మెలు పెట్టడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ సరైనదే. వారం దాటి కారు తీసినప్పుడు మొదటి కిలోమీటరులో డిస్కు మీది తుప్పు పొర గీరుకుపోయే దాకా దూరం ఎక్కువ ఉంచుకుని నడపాలి.

సుమారు 300 కిలోమీటర్లు తిరిగాక ముందు చక్రాలు రెండూ మళ్ళీ విప్పి, నాలుగు ప్యాడ్ల మందం కొలిచి, ప్యాడు అంచున ఉన్న ముద్రతో సహా కారు ఫైలులో రాసి పెట్టుకోవాలి. ఒకే క్యాలిపర్‌లోని రెండు ప్యాడ్ల మధ్య అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే ఆ పిస్టన్ సంగతి ఇంకా తేలలేదు, క్యాలిపర్‌ను మళ్ళీ కిందికి దించాలి.